ఇంట్లో వర్చువల్ పిన్‌బాల్ పెట్టె: ప్లంజర్ ఏది కొనాలి, నడ్జ్ బోర్డు ఎక్కడ బిగించాలి

టీవీ తెరనే ఆటబల్లగా పెట్టి ఆడే పిన్‌బాల్ పెట్టె ఇంట్లో కడుతున్నారా? ప్లంజర్‌కి, అంటే లాగి వదిలితే బంతిని ఆటలోకి కొట్టే స్ప్రింగు కడ్డీకి, డబ్బు పెట్టేముందు ఒక చిన్న లెక్క వేసుకోండి. ఆటకి మూడు బంతులు. అంటే ప్లంజర్ లాగేది మూడుసార్లు, అదనపు బంతి గెలిస్తే నాలుగు. పెట్టెని అరచేత్తో తట్టడం, కాస్త ముందుకి తోయడం మాత్రం ఒక్కో బంతికే పదిసార్లు ఉంటుంది. దీన్నే నడ్జ్ అంటారు. నేను ఈ లెక్క వేసుకోలేదు. తళతళలాడే ప్లంజర్ మీద మనసుపడి సగం డబ్బు దానికే తగలేశాను. నడ్జ్ సంగతి "ఎలాగూ ప్లంజర్ సర్క్యూట్ బోర్డులోనే ఉంటుందిలే" అని వదిలేశాను. నాలుగు నెలలు ఏడిపించింది.

మేముండేది న్యూజెర్సీలో, ఎడిసన్‌లో. ఈ పిచ్చి అంటుకుంది ఆస్బరీ పార్క్ బీచ్‌లో. అక్కడ బోర్డ్‌వాక్ మీద సిల్వర్‌బాల్ అని ఒక చోటుంది. టికెట్ కొనుక్కుని లోపలికెళ్తే పాత పిన్‌బాల్ యంత్రాలన్నీ నాణెం వేయకుండా ఎన్నిసార్లైనా ఆడుకోవచ్చు. పిల్లల్ని తీసుకెళ్ళి పిల్లలకంటే ఎక్కువ నేనే ఆడాను. అసలు యంత్రం ఒకటి కొందామంటే ధర వేల డాలర్లు, బరువు వంద కిలోల పైమాట, రిపేర్లు సరేసరి. అందుకని గ్యారేజీలో ప్లైవుడ్‌తో పెట్టె కట్టి, ఆటబల్ల ఉండాల్సిన చోట 43 అంగుళాల టీవీ పడుకోబెట్టి, లోపల ఒక పాత కంప్యూటర్ పెట్టాను. ఆట నడిపేది విజువల్ పిన్‌బాల్. ర్యాండీ డేవిస్ అనే ఆయన 2000లో మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్, ఉచితం. ఇప్పుడు అందరూ వాడేది దాని వీపీఎక్స్ వెర్షన్.

ఇక చేతికి తగిలేవి మూడే: ఫ్లిప్పర్ (బంతిని పైకి కొట్టే రెక్క) బటన్లు, ప్లంజర్, పెట్టె కుదుపు. బటన్లు వట్టి స్విచ్చులు, వాటి గురించి చెప్పడానికేం లేదు. మిగతా రెండూ అలా కాదు. ఎంత లాగారు, ఎంత గట్టిగా తోశారు అన్నది కంప్యూటర్‌కి కొలతగా చేరాలి.

అసలు ఆ కొలత అవసరమా అనే వాళ్ళుంటారు. కీబోర్డు మీద ఎంటర్ నొక్కి పట్టుకుంటే తెరమీది ప్లంజర్ వెనక్కి జరుగుతుంది, వదిలితే బంతి వెళ్తుంది. జెడ్ నొక్కితే ఎడమ నుంచి కుదుపు, స్పేస్ నొక్కితే ముందుకి. బల్లమీద ల్యాప్‌టాప్‌తో ఆడేవాళ్ళకి ఇది చాలు. ఇబ్బందేమిటంటే కీ నొక్కిన ప్రతిసారీ కుదుపు ఒకే బలంతో వస్తుంది. మెల్లిగా తట్టడమనేదే ఉండదు. ఉండేలుని ఎంత సాగదీసినా రాయి ఒకే దూరంలో పడుతుంటే ఎవరాడతారు చెప్పండి?

మొదట బోర్డు సంగతి తేల్చుకోండి. ప్లంజర్, నడ్జ్ రెండూ సాధారణంగా ఒకే బోర్డు మీదికి వస్తాయి. అది యూఎస్‌బీతో కంప్యూటర్‌కి తగిలి, విండోస్‌కి జాయ్‌స్టిక్‌లా కనిపిస్తుంది. రెడీమేడ్ కిట్లు ఉన్నాయి. పెట్టెలోంచి తీసి తగిలిస్తే పనిచేస్తాయి, టంకం అక్కర్లేదు. స్వయంగా చేసుకునేవాళ్ళు ఎక్కువగా నమ్ముకునేది పిన్‌స్కేప్ అనే ఉచిత ఫర్మ్‌వేర్‌ని, అంటే బోర్డు లోపల నడిచే ప్రోగ్రామ్‌ని. అది మొదట కేఎల్25జెడ్ అనే బోర్డు మీద నడిచేది. ఆ బోర్డు మీదే కుదుపుని కొలిచే యాక్సిలరోమీటర్ చిప్ ఉంటుంది కాబట్టి నడ్జ్‌కి విడిగా ఏమీ కొనక్కర్లేదు. ఇప్పుడు ఆ బోర్డు దొరకడం కష్టమైంది. పిన్‌స్కేప్ వారసుడు రాస్ప్‌బెరీ పై పీకో అనే బోర్డు మీద నడుస్తుంది. పీకో చాలా చవక, 2021లో 4 డాలర్లకి వచ్చింది. కాకపోతే దానిమీద యాక్సిలరోమీటర్ లేదు, చిన్న చిప్ బోర్డు వేరే కొని నాలుగు తీగలు కలపాలి. టంకం వేయడం వస్తే పీకో, రాకపోతే రెడీమేడ్ కిట్. ఇందులో పరువు ప్రతిష్ఠల ప్రశ్నేం లేదు. నాకు పాత కేఎల్25జెడ్ ఒకటి దొరికింది, దాంతోనే నడిపిస్తున్నాను.

ఇక ప్లంజర్. బయట కనిపించే కడ్డీ, గుండు, స్ప్రింగులు అసలు యంత్రాలవే కొనండి. పిన్‌బాల్ విడిభాగాల దుకాణాల్లో మొత్తం సెట్టు దొరుకుతుంది. ప్లాస్టిక్ బొమ్మలాంటివి కొనకండి. ఈ స్ప్రింగు ప్లంజర్ ఈనాటిది కాదు. 1871లో సిన్సినాటిలో మాంటేగ్ రెడ్‌గ్రేవ్ అనే ఆయన పేటెంట్ తీసుకున్నాడు, అప్పటికింకా విద్యుత్ దీపమే ఇళ్ళలోకి రాలేదు. లాగి వదలడంలో నేర్పుందా, అదృష్టమా అనే గొడవ న్యూయార్క్‌లో చట్టం దాకా వెళ్ళింది. 1940ల నుంచి అక్కడ పిన్‌బాల్‌ని జూదం కింద కట్టి నిషేధించారు. 1976లో రోజర్ షార్ప్ అనే ఆయన నగర మండలి సభ్యుల ముందు యంత్రం పెట్టి, బంతి మధ్య సందులోంచి దిగుతుందని ముందే చెప్పి ప్లంజర్ లాగాడు. అలాగే దిగింది. నిషేధం పోయింది. వేళ్ళకి అంత సూక్ష్మం తెలియాలంటే కడ్డీ వెనక ఉండే సెన్సర్ బాగుండాలి.

సెన్సర్లలో నాలుగైదు రకాలున్నాయి. అన్నీ నేను వాడలేదు, వాడినవాటి మీదే నా మాట నమ్మండి.

చవకైనది స్లైడ్ పొటెన్షియోమీటర్, పొట్టిగా పాట్. పెళ్ళిళ్ళలో సౌండ్ మిక్సర్ మీద పైకీ కిందికీ జరిపే మీట ఉంటుందే, అదే. ప్లంజర్ కడ్డీకి ఆ మీటని కలిపితే కడ్డీతోపాటు జరుగుతుంది. కొనేటప్పుడు రెండు చూడండి. ఒకటి, ఎంత దూరం జరుగుతుంది అన్నది. ప్లంజర్ వెనక్కి దాదాపు 3 అంగుళాలు వస్తుంది, వదిలాక ముందు స్ప్రింగుని నొక్కుతూ మరో అర అంగుళం ముందుకి పోతుంది. అంటే మొత్తం దాదాపు 89 మిల్లీమీటర్లు, 80 మిల్లీమీటర్ల స్లైడ్ సరిపోకపోవచ్చు. 100 అయితే నిశ్చింత. ఎక్కువగా దొరికేవి 60వి, ధర చూసి వాటి జోలికి వెళ్ళకండి. రెండోది, లీనియర్ రకమై ఉండాలి, అంటే మీట ఎంత జరిగితే కొలతా అంతే మారాలి. బీ10కే అని రాసి ఉంటుంది. ఏ10కే అంటే వాల్యూమ్ కోసం చేసిన లాగరిథమిక్ రకం. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు లీనియర్ అని చెప్పి నాకు రెండో రకం పంపించాడు. ప్లంజర్ సగం లాగితే తెరమీద కొద్దిగా కదిలేది, చివరి అంగుళంలో ఒక్కసారిగా దూకేది. వారం రోజులు సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకున్నాను. కొన్నాక మల్టీమీటర్ పెట్టి చూసుకోండి: మీట సరిగ్గా మధ్యలో ఉన్నప్పుడు మధ్య కాలుకీ చివరి కాలుకీ మధ్య మొత్తంలో సగం, అంటే 5 కిలోఓమ్‌ల దగ్గర, రావాలి. రెండు నిమిషాల పని.

తీగలు కలిపేటప్పుడు 3.3 వోల్టులే ఇవ్వండి. కేఎల్25జెడ్ అయినా పీకో అయినా 5 వోల్టులు అనలాగ్ కాలికి తగిలితే బోర్డు పోతుంది. పీకోలో మీట తీగని జీపీ26 కాలికి ఇవ్వచ్చు, అదే మొదటి అనలాగ్ ఇన్‌పుట్.

రెండో రకం దూరం కొలిచే చిప్. వీఎల్6180ఎక్స్ లాంటివి కడ్డీ కొసకి ఎదురుగా పెడితే కాంతి వెళ్ళి తిరిగొచ్చే సమయాన్నిబట్టి దూరం చెప్తాయి. దేనికీ తగలదు కాబట్టి అరుగుదల లేదు, బిగించడం తేలిక. కానీ రీడింగ్ నిలకడగా ఉండదు. నేను పెట్టి చూస్తే కడ్డీ కదలకుండా ఉన్నా తెరమీది ప్లంజర్ చలిజ్వరం వచ్చినట్టు వణికింది. మూడు రోజుల్లో పీకేశాను.

మూడోది గీతలు లెక్కపెట్టే ఆప్టికల్ ఎన్‌కోడర్, ఏఈడీఆర్-8300. అంగుళానికి 75 గీతలున్న పట్టీ కడ్డీకి అంటిస్తే, అది ముందుకీ వెనక్కీ కదలడాన్ని అంగుళంలో 300వ వంతు దాకా పసిగడుతుంది. ఒకాయన పెట్టెలో ఆడి చూశాను. వెన్నలా ఉంది. బిగింపు మాత్రం కచ్చితంగా ఉండాలి, పట్టీకీ చిప్‌కీ మధ్య సందు కాస్త మారినా గీతలు తప్పుతుంది. కడ్డీ నీడని వరస పిక్సెళ్ళ మీద చూసే పాత టీఎస్ఎల్1410ఆర్ అనే సెన్సర్‌ని జనం ఇప్పటికీ తలుచుకుంటూ ఉంటారు. దాని తయారీ ఆపేశారు కాబట్టి దానికోసం వెతుక్కోవద్దు.

నా సలహా: మొదటి పెట్టె కడుతున్నారా, 100 మిల్లీమీటర్ల స్లైడ్ పాట్ పెట్టండి. ఏడాది ఆడాక చెయ్యి ఇంకా సూక్ష్మం అడిగితే అప్పుడు ఎన్‌కోడర్‌కి మారండి. కడ్డీ, స్ప్రింగు అవే ఉంటాయి కాబట్టి డబ్బేం వృథా కాదు.

సెన్సర్ ఏదైనా, ఒక విషయం తెలిసి ఉండాలి. ప్లంజర్ వదిలినప్పుడు అది ముందుకి దూసుకుపోయేది కొన్ని పదుల మిల్లీసెకన్లలో. యూఎస్‌బీ ద్వారా సెకనుకి ఓ వంద రీడింగులు వెళ్తే, ఆ దూకుడులో కంప్యూటర్ చూసేది రెండు మూడు మాత్రమే. అందులో ఒకటి ప్లంజర్ ముందుకి కొట్టుకుని వెనక్కి ఎగిరేటప్పటిది అయితే ఆట వేగాన్ని తప్పుగా లెక్కేస్తుంది. ఒకే దూరం లాగినా బంతి ఒకసారి పైకి, ఒకసారి సగానికి వెళ్తుంది. పిన్‌స్కేప్ లాంటి ఫర్మ్‌వేర్ ప్లంజర్‌ని బోర్డు మీదే వేగంగా చదువుతూ, వదిలిన క్షణాన్ని గుర్తుపట్టి, కంప్యూటర్‌కి అర్థమయ్యేట్టు నిదానంగా అందిస్తుంది. కిట్ కొనేటప్పుడు అమ్మేవాళ్ళని అడగాల్సిన ప్రశ్న ఇదే: వదిలిన సంగతిని బోర్డు గుర్తుపడుతుందా, లేక వచ్చిన అంకె వచ్చినట్టు పంపేస్తుందా? రంగు, గుండు ఆకారం తర్వాత చూసుకోవచ్చు.

రంధ్రం చెయ్యకముందు టీవీ ఎక్కడ కూర్చుంటుందో కొలవండి. ప్లంజర్ లోపలివైపు దాదాపు అరడుగు పొడుచుకొస్తుంది, దాని కింద సెన్సర్ కూడా ఉంటుంది. అసలు యంత్రంలో అక్కడ ఖాళీ ఉంటుంది, మన పెట్టెలో టీవీ అంచు ఉంటుంది. నేను రంధ్రం చేశాక చూసుకుంటే కడ్డీ కొస సరిగ్గా టీవీ ఫ్రేముకి తగులుతోంది. టీవీని రెండంగుళాలు వెనక్కి జరిపి ముందు భాగంలో చెక్క పట్టీ వేయాల్సొచ్చింది. ప్లంజర్ కింద ఒక లాంచ్ బటన్‌కి కూడా చోటు వదలండి. 1991 నాటి టెర్మినేటర్ 2 లాంటి యంత్రాలకి అసలు ప్లంజరే ఉండదు, పిస్టల్ ట్రిగ్గర్ నొక్కాలి. అలాంటి టేబుళ్ళు చాలా ఉన్నాయి.

ఇక్కడే మా నాన్న వచ్చారు. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళు లేత్ మీద పనిచేసిన మనిషి. ఆరు నెలలు ఉండిపోదామని వచ్చి, వారంలోపే ఏం తోచక గ్యారేజీలో తిరగడం మొదలుపెట్టారు. ప్లంజర్ ఓసారి లాగి వదిలి, మళ్ళీ లాగి, చెవి దగ్గర పెట్టినంత దగ్గరగా వంగి విన్నారు.

"ఏరా, ఇది పక్కకి లాగుతోంది. కిర్రుమంటోంది, వినపడట్లేదా?"

నాకేం వినపడలేదు. ఆయన టార్చ్ వేసి చూపించారు. ప్లంజర్ కడ్డీ లాగేటప్పుడు కొద్దిగా తిరుగుతుంది, ఎవరూ తిన్నగా లాగరు కదా. నేను స్లైడ్ మీటని కడ్డీకి ఎల్ ఆకారపు పట్టీతో గట్టిగా బిగించేశాను. కడ్డీ తిరిగినప్పుడల్లా మీట పక్కకి ఒరుసుకుంటోంది. ఇంకో ఆర్నెల్లలో పాట్ గోడ అరిగిపోయేదే. ఆయన పట్టీ విప్పి, గుండ్రటి రంధ్రాన్ని చిన్న ఆకురాయితో రుద్ది నిలువుగా గాడిలా సాగదీశారు. ఇప్పుడు మీట గాడిలో పైకీ కిందికీ ఆడుతుంది, ముందుకీ వెనక్కీ మాత్రం కదలదు. పక్కకి ఒత్తిడి లేదు. మీరు పాట్ పెడితే ఈ గాడి తప్పక పెట్టండి.

"మరి బంతి ఎందుకలా దానంతటదే వంకర్లు పోతోంది?" అని అడిగారు. నాలుగు నెలల నా బాధ అదే.

నడ్జ్ పనిచేసే తీరు తేలికే. యాక్సిలరోమీటర్ పెట్టె ఎటు, ఎంత గట్టిగా కుదిలిందో చెప్తుంది. ఎక్స్ అంటే ఎడమ కుడి, వై అంటే ముందు వెనక. కానీ మన చేతి కుదుపుకీ మిగతా కుదుపుకీ తేడా ఆ చిప్‌కి తెలియదు. పెట్టెలో సబ్‌వూఫర్ మోగినా, బంతి బంపర్‌కి తగిలిన శబ్దం కోసం పెట్టిన సోలెనాయిడ్ (కరెంటు ఇస్తే టక్కున కొట్టే తీగచుట్ట) కొట్టినా అదీ నడ్జే అనుకుంటుంది. నేను బోర్డుని తీగలు దగ్గరవుతాయని మధ్యలో ఉన్న పల్చటి చెక్క అడ్డు మీద బిగించాను. దానికి జానెడు దూరంలో సబ్‌వూఫర్.

నాన్న లోపల్నుంచి స్టీలు గ్లాసులో నీళ్ళు పట్టుకొచ్చారు. అడుగు చెక్క మీద ఒక మూల పెట్టి, పాట పెట్టమన్నారు. నీళ్ళలో సన్నటి అలలు. ఇంకో మూల పెట్టారు, అక్కడా ఉన్నాయి, తక్కువ. అడ్డు చెక్కకి ఆనించి పట్టుకుంటే నీళ్ళు తుళ్ళి ఆయన చొక్కా మీద పడ్డాయి. "బోర్డు ఇక్కడ పెట్టావా?" అన్నారు, ఇంకేం అనలేదు. చివరికి అడుగు చెక్క మీద, పెట్టె మధ్యకి కాస్త ముందుగా, రెండు పక్కగోడలకి సమానదూరంలో నీళ్ళు దాదాపు కదలని చోటు దొరికింది. పక్కనుంచి అరచేత్తో కొడితే మాత్రం గ్లాసు మొత్తం ఒక్కసారి ఊగింది. చేతి కుదుపు తెలియాలి, స్పీకర్ కుదుపు తెలియకూడదు. బోర్డుకి చోటు అది. నాలుగు మూలలా స్క్రూలతో, కింద స్పాంజి లాంటివేం లేకుండా, నేరుగా చెక్కకి బిగించండి. డబుల్‌సైడ్ టేపు వద్దు.

సబ్‌వూఫర్ కింద రబ్బరు ముక్కలు వేశాను. సోలెనాయిడ్లని పక్కగోడ నుంచి వెనక వైపుకి మార్చాను. బంతి వంకర్లు ఆగిపోయాయి.

దిక్కులు సరిచూసుకోవడానికి ఆర్టీసీ బస్సు గుర్తు తెచ్చుకోండి. బస్సు ముందుకి కుదిలితే నిలబడ్డ మనం వెనక్కి పడతాం. అలాగే పెట్టెని ఎడమవైపు నుంచి కొడితే పెట్టె, దాంతోపాటు టీవీ, కుడికి జరుగుతాయి, బంతి తెరమీద ఎడమకి జరిగినట్టు కనిపించాలి. కుడికి పోతే అక్షం తిరగేసి ఉందన్నమాట. ముందుకీ వెనక్కీ బదులు పక్కలకి పోతే బోర్డు తొంభై డిగ్రీలు తిరిగి ఉంది. బోర్డు విప్పక్కర్లేదు, సెట్టింగుల్లో దిక్కు మార్చితే చాలు.

అసలు యంత్రాలతో ఆడినవాళ్ళకి ఇంకో తేడా వెంటనే తెలుస్తుంది. మన పెట్టె తేలిక. అసలు యంత్రం వంద కిలోల పైన ఉండి మొండికేస్తుంది, మనది తట్టగానే అంగుళం జరుగుతుంది. దానికి నేను చేసిందల్లా అడుగున 50 పౌండ్ల ఇసుక మూట ఒకటి పడేసి, కాళ్ళ కింద రబ్బరు కప్పులు పెట్టడమే. కార్పెట్ మీద పెట్టకండి, ఉయ్యాలే.

కంప్యూటర్‌లో సెట్టింగులు గంట పని. విండోస్‌లో జాయ్‌స్టిక్ కదలికలు చూపించే జాయ్ డాట్ సీపీఎల్ తెరిచి ప్లంజర్ లాగితే జెడ్ అక్షం సాఫీగా కదలాలి, పెట్టె తడితే ఎక్స్, వై ఉలిక్కిపడి మళ్ళీ మధ్యకి రావాలి. అక్కడున్న విండోస్ క్యాలిబ్రేషన్ (కొలత సరిచేసే) బటన్ మాత్రం ముట్టుకోవద్దు, బోర్డు సొంత క్యాలిబ్రేషన్‌తో తగువు పెట్టుకుంటుంది. బోర్డు క్యాలిబ్రేషన్‌లో ప్లంజర్‌ని ఆఖరిదాకా లాగి, ఓ క్షణం పట్టుకుని, చటుక్కున వదలండి. మూడు నాలుగుసార్లు. నెమ్మదిగా చేత్తో ముందుకి తీసుకెళ్తే వదిలే వేగం దానికి తెలియదు. తర్వాత వీపీఎక్స్‌లో ప్లంజర్‌ని జెడ్‌కి, నడ్జ్‌ని ఎక్స్, వైలకి కేటాయించండి. నడ్జ్ గెయిన్, అంటే కుదుపుని ఎంత పెంచి చూపాలనే అంకె, తక్కువ నుంచి మొదలుపెట్టండి. బంతిని చేత్తో తోసినట్టు కనిపిస్తే ఎక్కువైందని గుర్తు, అవుట్‌లేన్ (బంతి కిందికి జారిపోయే పక్కసందు) అంచున ఊగుతున్న బంతి తడితే అటో ఇటో మొగ్గితే సరిపోయింది. చివరికి నాకు సరిపడింది, మొదట్లో పెట్టిన దాంట్లో సగం కూడా లేదు.

టిల్ట్ సంగతి మర్చిపోవద్దు. పెట్టెని మరీ ఊపితే ఆ బంతితో ఆట ఆగిపోవాలి, లేకపోతే నడ్జ్‌కి భయమే ఉండదు. 1930లలో హ్యారీ విలియమ్స్ పెట్టిన కట్టడి ఇది. అసలు యంత్రాల్లో ఒక ఇనుప తీగకి లంగరులా బరువు వేలాడుతుంది, చుట్టూ ఉన్న రింగుకి తగిలితే టిల్ట్. ఆ లంగరు కొని, టీ కీకి కలిపే బటన్‌లా బోర్డుకి తగిలించవచ్చు. నేను చేశాను, తీసేశాను. మా పెట్టె తేలిక కాబట్టి మా అబ్బాయి ఫ్లిప్పర్ గట్టిగా నొక్కినా తగిలేది. ఇప్పుడు వీపీఎక్స్‌లోనే ఉన్న లంగరు అనుకరణ వాడుతున్నాను, సున్నితత్వం మనమే సరిచేసుకోవచ్చు.

కడ్డీని పట్టుకునే కాలర్ స్క్రూ మాత్రం మొదటి నెలలో వారానికోసారి చూసుకోండి. లాగి వదిలే దెబ్బకి అది కొద్దికొద్దిగా జరుగుతుంది, ప్లంజర్ విశ్రాంతిలో ఉన్నా తెరమీద కాస్త వెనక్కి ఉన్నట్టు కనిపిస్తుంది. మాది రెండుసార్లు జరిగింది. మూడోసారి బిగించేటప్పుడు నాన్న మరకి ఒక చుక్క నీలం లాక్‌టైట్ (మర వదులవకుండా పట్టే జిగురు) వేయించారు. మళ్ళీ కదల్లేదు.